పండ్లు వాపసు పంపిన మేట్రనమ్మ

మేట్రనమ్మ పోయిందని శుక్రవారం పొద్దున్నే అమ్మ చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. చెప్పి ఏడవలేదు. ముఖం కడుక్కుంది, కొంగు బిగించింది, మా వరండాలోని చెక్క కుర్చీ ఎత్తుకుని వెనక వీధికి బయల్దేరింది. "చావింటికి కుర్చీ ఎందుకే?" అన్నాడు నాయిన. "గేటుకాడ ఎవరన్న కూసోవాలె గద" అంది అమ్మ. ఆ కుర్చీ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు. చదివే మీకు తెలియదు కాబట్టి చెబుతాను.

ప్రేమ పొంగి రాస్తున్నానని మాత్రం అనుకోకండి. ఒళ్లు మండి రాస్తున్నాను. ఆమె యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో మేట్రన్‌గా చేసింది. వచ్చే వారం క్యాంపస్‌లో సంతాప సభ పెడతారట. ఫోటోకు దండ వేస్తారట. మొన్నమొన్నటి దాకా తార్నాక గల్లీల్లో ఆమెను "పండ్ల దొంగ" అన్న నోళ్లే ఆ రోజు మైకు పట్టుకుని "కరుణామయి" అంటాయి. ఆమె బతికుండి ఆ మాట వింటే ఏమనేదో నాకు బాగా తెలుసు. "కరుణ సంగతి తర్వాత చూద్దాం. చేతిలో ఏం తెచ్చారు?" అనేది.

ఆమె కరుణామయి కాదు మహాప్రభో. నాకామె ఏనాడూ నచ్చలేదు. గుంటూరు దిక్కు మనిషి. గంజి పెట్టి కట్టిన, మడత చెడని తెల్ల చీర, నడుముకు తాళపు చెవుల గుత్తి, నవ్వితే ఎక్కడ జీతం కోస్తారోనన్నట్టుండే ముఖం. సాయంత్రం కాగానే హాస్టల్ గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేది. పిల్లల్ని చూడ్డానికి వచ్చిన తండ్రులను కూడా కిందికీ పైకీ చూసి, "మీరు తండ్రేనని మీ అమ్మాయి వచ్చి చెప్పాలి, అక్కడే నిలబడండి" అనేది. చుట్టాలెవరైనా మెస్‌లో భోంచేస్తే గెస్టు చార్జీ కట్టాల్సిందే. కలెక్టరైనా సరే, కాంట్రాక్టరైనా సరే. ఒకసారి ఒక ఎమ్మెల్యే బావమరిది సాంబారు బాగుందని మెచ్చుకుంటే, "మెచ్చుకోలు మెస్ ఖాతాలో జమ కాదండీ" అని చెయ్యి చాపిందట.

ఆ సాంబారు చేసింది మా అమ్మ. హాస్టల్ మెస్‌లో ఆమె వంటమనిషి. రోజు కూలీ, సెలవు లేదు. నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. నేను ఆ క్యాంపస్‌లోనే బి.ఏ. చదివేదాన్ని. పొద్దున అమ్మా నేనూ కలిసి నడిచి పోయేవాళ్లం. ఆమె మెస్ వెనక దారిన, నేను కాలేజీ మెట్ల దారిన. సాంబారులో ఉప్పు ఎక్కువైందని మేట్రనమ్మ అందరి ముందు అమ్మను కేకలేసిన రోజు నేను ఆమెను మనసులో తిట్టని తిట్టు లేదు. ఇప్పటికీ ఒక్కటి కూడా వెనక్కి తీసుకోను. ఆ రోజు ఉప్పు సరిగ్గానే ఉంది.

అరవై ఏడు ఎండాకాలంలో అమ్మ ఎడమ చేత్తో గుండిగ ఎత్తడం మానేసింది. ఇంట్లో మేమెవ్వరం కనిపెట్టలేదు. మేట్రనమ్మ కనిపెట్టింది. "ఆ చెయ్యికేమైంది?" అని అడిగితే, "ఏం లేదమ్మా, బెణికింది" అంది అమ్మ. మేట్రనమ్మ ఆమె రెక్క పట్టుకుని స్టోరు గదిలోకి తీసుకుపోయి తలుపేసింది. కాసేపటికి లోపల్నుంచి అరుపులు. "ఎన్నాళ్లయింది? ఎన్నాళ్లుగా దాస్తున్నావు? సిగ్గా? సిగ్గుతో చస్తావా?" అమ్మ రొమ్ములో గడ్డ. నన్ను క్లాసులోంచి పిలిపిస్తే పరుగెత్తుకుంటూ పోయాను. అమ్మ బియ్యం బస్తా మీద కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నాకూ ఏడుపొచ్చింది. మేట్రనమ్మ మా ఇద్దర్నీ చూసి, "ఏడుపు తర్వాత. ముందు బస్సు" అంది.

ఆ మాట అంటున్నప్పుడైనా ఆమె గొంతు మెత్తబడిందేమోనని తర్వాత చాలాసార్లు గుర్తు చేసుకుని చూశాను. లేదు. మెత్తబడలేదు.

ఊరి ఆ చివర ఉన్న పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేశారు. పైసా తీసుకోలేదు. ఆ తర్వాత కొన్ని వారాల పాటు రోజూ కరెంటు పెట్టించుకోవాలన్నారు. డాక్టర్లు రేడియేషన్ అనేదాన్ని మేమందరం కరెంటనే అనేవాళ్లం. అదీ ఉచితమే. "మధ్యలో ఆపితే చేసిందంతా వృథా. మళ్లీ మొదలుపెట్టినా ఇంత పని చేయదు" అని డాక్టరు గట్టిగా చెప్పాడు. నాయిన చేతులు జోడించాడు. అన్నీ ఉచితమే కదా, ఇంక భయమేంటి అనుకున్నాం. ఎంత అమాయకులమో చూడండి.

రోగానికి ఖర్చు లేదు, నిజమే. మనుషులకే ఖర్చు. అమ్మకు కూలీ పోయింది. అమ్మను తీసుకుపోవడానికి నాయిన జీతం లేని సెలవు పెట్టాడు. కరెంటుతో కాలిన ఒంటికి బస్సులో ఎవరి మోచెయ్యి తగిలినా ప్రాణం పోయేది, అందుకని రిక్షా. ఇవన్నీ ఎలాగో ఈడ్చుకొచ్చేవాళ్లమే. కానీ చుట్టాలు మొదలయ్యారు.

మా ఊరివాళ్లు మంచివాళ్లు. అదే వచ్చిన చిక్కు. కాన్సరని తెలియగానే "ఆఖరి చూపు చూసొద్దాం" అని జట్లు జట్లుగా బస్సెక్కారు. మా దిక్కు పద్ధతేమిటంటే, రోగిని చూడబోతే వట్టి చేతుల్తో పోకూడదు, వచ్చినవాళ్లను రోగి ఇంటివాళ్లు వట్టి కడుపుతో పంపకూడదు. వాళ్లు తెచ్చేవి బత్తాయిలు, డబల్ రొట్టె. మేం పెట్టాల్సింది అన్నం, కోడికూర, పెద్దవాళ్లకు కల్లు, పోయేటప్పుడు బస్సు కిరాయి. చక్కెర రేషన్ రోజులవి. నెలంతా రావాల్సిన చక్కెర వారానికే చాయ్‌లో కరిగిపోయేది. తెచ్చిన బత్తాయిలు అమ్మ తినలేకపోయేది, నోరంతా చేదు. అవి మంచం కింద కుళ్లేవి. ఇల్లంతా ఆ పులిసిన వాసన. నాకు ఇప్పటికీ బత్తాయి వాసన పడదు.

అన్నిటికన్నా నాకు ఒళ్లు మండింది అమ్మ మీద. కరెంటు పెట్టించుకుని వచ్చి, నిలబడలేక గోడ పట్టుకుని, పొయ్యి ముట్టించేది. "నువ్వు పండుకోరాదే!" అని నేను అరిస్తే, "వచ్చినోళ్లకు చాయ్ పొయ్యకుంటే ఏమనుకుంటరే? చావుబతుకుల్ల ఉండి గూడ ఇజ్జత్ పోగొట్టుకోవాల్నా?" అనేది. వచ్చినవాళ్లు ఆ చాయ్ తాగుతూ, "అయ్యో, ఎంత చక్కటి మనిషికి ఎంత రోగమొచ్చె" అని ఆమె ముందే కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు. తాగి, ఇంకో గ్లాసు అడిగేవాళ్లు.

ఒక ఆదివారం పెద్దనాయిన, అంటే నాయిన సొంత అన్న, ఇంటిల్లిపాదినీ వెంటేసుకుని దిగాడు. ఆ రోజు నాయిన వర్క్‌షాపు దోస్తు దగ్గర చేబదులు తెచ్చి కోడిని కోశాడు. వాళ్లు వరండాలో తింటుంటే వంటింట్లో అమ్మ నాతో అంది. చిన్నగా, ఎవరికీ వినపడకుండా. "రేపటిసంది కరెంటుకు పోను బిడ్డా. మీకు బువ్వ లేకుంట చేసి నేను బతికేదేంది? నీ చదువు ఆగమైతది. మీ నాయిన అప్పులపాలైతడు. ఇగ చాలు."

నేను వట్టి కాళ్లతో క్యాంపస్‌కు పరుగెత్తాను. ఎందుకు ఆమె దగ్గరికే పోయానో నాకే తెలియదు. తిట్టేవాళ్లు తప్ప ఇంకెవరూ పనికిరారనిపించింది. మేట్రనమ్మ లాలాగూడ చర్చి నుంచి అప్పుడే వచ్చి భోజనానికి కూర్చోబోతోంది. నేను చెప్పిందంతా విని ఒక్క ముక్కే అడిగింది. "మీ ఇంట్లో గట్టి కుర్చీ ఉందా?" ఉందన్నాను. చెయ్యి కడుక్కుని లేచింది.

మా ఇంటికి వచ్చి ఎవర్నీ పలకరించలేదు. కుర్చీ లాక్కుని గేటుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది, హాస్టల్ గేటు దగ్గర కూర్చున్నట్టే. పెద్దనాయిన చెయ్యి కడుక్కుంటూ, "ఎవరమ్మా మీరు?" అన్నాడు.

"ఈ ఇంటికి మేట్రన్ని. భోజనం అయిందాండీ?"

"అయింది తల్లీ. మంచిగ తిన్నం."

"అయితే గెస్టు చార్జీ ఇవ్వండి."

పెద్దనాయినకు అర్థం కాలేదు. మేట్రనమ్మ అర్థమయ్యేట్టు చెప్పింది. "లోపలున్న మనిషికి జబ్బు. మీరు తిన్నది ఆవిడ రిక్షా కిరాయి. తాగింది ఆవిడ పాలు. జబ్బు ఒకరికి వస్తే విందు ఊరందరికా? తిన్నవాళ్లు కట్టండి. మా హాస్టల్లో కలెక్టరు కూడా కడతాడు."

పెద్దనాయిన ముఖం కందగడ్డయింది. "ఏందిది? నా తమ్ముని ఇంట్ల నేను బువ్వ తింటే పైసలు కట్టాల్నా? ఏమనుకుంటున్నవమ్మా? ఏ ఊరు నీది? ఎవ్వలకు ఎవ్వలు?" అని లేచాడు. పెద్దమ్మ రాగం తీసింది. నాయిన వచ్చి, "అమ్మా, మీకు దండం పెడతా, నా ఇజ్జత్ తియ్యకుండ్రి" అని బతిమాలాడు.

"మీ ఇజ్జత్ కన్నా ఆవిడ చర్మం ముందు" అంది మేట్రనమ్మ. పెద్దనాయిన వైపు తిరిగింది. "మీ మరదలు రేపట్నుంచి కరెంటుకు పోనంటోంది. ఎందుకో తెలుసా? మిమ్మల్ని మేపలేక."

నిజంగా ఆయనకు ఆ సంగతి తెలియదు. చూడ్డానికి వచ్చాడు, చూసి పోదామనుకున్నాడు, అంతే. మా పద్ధతిలో వచ్చినవాడు అడగడు, ఉన్నవాడు చెప్పడు. లోపలికి పోయి అమ్మ మంచం దగ్గర నిలబడ్డాడు. "గింత మాట నాకొక్కనికి చెప్పరాదా?" అన్నాడు. "ఎట్ల చెప్తం బావా" అంది అమ్మ. ఆయన తలపాగా విప్పి అందులో ముడేసుకున్నదంతా మంచం మీద పెట్టి, మనుషుల్ని కూడగట్టుకుని వెళ్లిపోయాడు. పోతూ పోతూ గేటు దగ్గర మేట్రనమ్మను చూసి ఊసినంత పని చేశాడు. ఆమె కుర్చీ జరిపి దారి ఇచ్చింది.

ఆ రోజు నుంచి మా గేటు ఆమెది. సాయంత్రం హాస్టల్ పని ముగించుకుని సరాసరి వచ్చి కూర్చునేది. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒక్కటే. "ఏం తెచ్చారు?" పండ్లు తెచ్చామంటే సంచీ తీసుకుని నా చేతికిచ్చేది. నేను వాటిని తార్నాక చౌరస్తాలో పండ్ల బండి చాచాకు ఇచ్చి పైసలు తేవాలి. చాచా మొదట్లో నెత్తి కొట్టుకున్నాడు. "ఏందమ్మా, పొద్దుగాల నేనే అమ్మిన మాల్, మాపటికి నేనే కొనాల్నా? నా దుకాణం ఉల్టా నడుస్తున్నది!" మరునాడు మేట్రనమ్మే పోయి, "మా వల్ల నీకు బేరాలు పెరిగాయా లేదా? పెరిగినప్పుడు వాపసు తీసుకోవడానికి నొప్పేంటి?" అని దులిపింది. ఆపైన అతనూ దారిలోకి వచ్చాడు. తనకింత ఉంచుకుని మిగిలింది ఇచ్చేవాడు. అతని బండి కర్రకు పూలదండలు కూడా వేలాడేవి. వాటి జోలికి అప్పట్లో మేం పోలేదు.

కొన్నాళ్లకు చుట్టాలే తెలివి మీరారు. చౌరస్తాలో పండ్లు కొని గేటు దగ్గర ఇచ్చి, అవి మళ్లీ చౌరస్తాకు పోయే బదులు, పైసలే అమ్మ దిండు కింద పెట్టి పోయేవాళ్లు. చాయ్ లేదు. ఏడుపు లేదు. "జాలి చెప్పులతో పాటు బయట విప్పి రండి" అనేది మేట్రనమ్మ. నవ్వుతూ మాట్లాడేవాళ్లకే లోపల కూర్చునే అనుమతి. చిత్రమేమిటంటే అమ్మ తేరుకుంది. పొయ్యి దగ్గరికి పోయే అవసరం లేకపోయేసరికి నిద్రపోయింది. ఎన్నాళ్ల నిద్రో అది.

హాస్టల్లో ఇంకో గొడవ. అమ్మ కూలీ ఆగకూడదని మేట్రనమ్మ భోజనాల హాలులో నిలబడి, "ఆదివారం స్వీటు బంద్. మీకు వండిపెట్టిన మనిషికి కరెంటు అయిపోయేదాకా ఆ ఖర్చు ఆమె కూలీకి పోతుంది. ఇష్టం లేనివాళ్లు లేచి నిలబడండి" అంది. ఎవరూ లేవలేదు. ఆమె ముందు లేచే దమ్ము ఎవరికుంది? బయటికొచ్చాక మాత్రం, "ఈవిడ నోట్లోంచి తియ్యటి మాట ఎలాగూ రాదు, ఇప్పుడు కంచంలో తీపి కూడా పోయింది" అని పళ్లు నూరారు.

నాకూ హుకుం జారీ అయింది. "ఇకమీద మీ అమ్మతో నువ్వు వెళ్లు. మీ నాన్న డ్యూటీకి పోవాలి. ఆయన జీతం ఆగితే ఇల్లు ఆగుతుంది. నీ చదువు ఆగదు, అది నేను చూసుకుంటాను." హాజరు తక్కువైందని పిల్లల తలలు గొరిగినంత పని చేసే మనిషి నన్ను క్లాసులు ఎగ్గొట్టమంది. చూసుకోవడమంటే ఏం చేసిందనుకున్నారు? మా లెక్చరర్లతో ఒక్కొక్కరితో పోట్లాడింది. ఒకాయన నాతో, "అమ్మా, నీ హాజరు వేస్తాను, ఆవిణ్ని మాత్రం మళ్లీ నా గదికి పంపకు" అన్నాడు.

ఇంత చేస్తే ఊరుకుంటారా జనం? పండ్లు ఎటు పోతున్నాయి, పైసలు ఎవరు తింటున్నారు అని గుసగుసలు. తార్నాకలో "పండ్ల దొంగ" అన్నారు, క్యాంపస్‌లో "ఆంధ్రావాళ్లకు ఇలాంటి లెక్కలు బాగా తెలుసు" అన్నారు. మా పెద్దమ్మ ఊర్లో దండోరా వేయించినంత పని చేసింది. మేట్రనమ్మ చెవికి అన్నీ చేరేవి. ఒకసారి నేను, "మీకు బాధ కాదా అమ్మా?" అని అడిగాను. "బాధే. అయితే ఏంటి? మీ అమ్మకు కరెంటు ఎన్నింటికి?" అంది.

అమ్మ కరెంటు ఒక్క రోజు కూడా తప్పకుండా పూర్తయింది. కొన్నాళ్లకు తిరిగి మెస్‌లో చేరింది. చేరిన రోజే ఉప్పు ఎక్కువైందని మేట్రనమ్మ కేకలేసింది. అమ్మ పొయ్యి దగ్గర నిలబడి పగలబడి నవ్వింది. అమ్మ అంతగా నవ్వగా నేను చూడడం అదే మొదటిసారి.

తర్వాత మేట్రనమ్మ రిటైరైంది. తార్నాకలో మా వెనక వీధిలో ఆమెకు చిన్న ఇల్లుంది. అందరూ ముందు గది స్టూడెంట్లకు కిరాయికిచ్చుకుంటుంటే, ఆమె కరెంటు కోసం ఊళ్లనుంచి వచ్చే రోగులకు వదిలేసింది. వాళ్లు అంతకు ముందు దవాఖాన అరుగుల మీద పడుకునేవాళ్లు. కిరాయి లేదు. కానీ చుట్టాలు రాకూడదు, వస్తే గెస్టు చార్జీ. రోగి వెంట వచ్చిన మగమనిషి ఊరికే మంచం పక్కన కూర్చోకూడదు, చౌరస్తాలోనో లాలాపేట్‌లోనో ఏదో పని చూసి పంపేది. "మీరు ముఖం చూస్తూ కూర్చుంటే గడ్డ కరగదు" అనేది. ఆ గదిలో ఉన్నవాళ్లు ఆమెను మెచ్చుకునేవాళ్లు కాదు, భయపడేవాళ్లు. ఖర్చుకు భయపడి మధ్యలో ఊరికి తిరిగిపోయినవాళ్లు మాత్రం లేరు.

ఈ ఏడాది తెలంగాణ గొడవలు మీకు తెలియనివి కావు. బందులు, లాఠీలు, క్యాంపస్ నిండా పోలీసులు. ఏ దిక్కువాళ్లు ఎవరో వెతికి చూసే రోజులు. ఒక మధ్యాహ్నం స్టూడెంట్ల గుంపొకటి ఆమె ఇంటి ముందు ఆగి, వెళ్లిపొమ్మని నినాదాలు మొదలుపెట్టింది. నేనూ అమ్మా పరుగెత్తుకుంటూ పోయేసరికి ఒక రాయి కిటికీ అద్దాన్ని పగలగొట్టింది. మేట్రనమ్మ గేటు తీసుకుని బయటికొచ్చింది.

"ఏం తెచ్చారు? రాళ్లేనా?"

ఈ ప్రశ్న వాళ్లెవరూ ఊహించలేదు.

"బస్సులు ఆపారు. బాగుంది. మీ న్యాయం మీది, నేను కాదనను. లోపల జనగామ దిక్కు నుంచి వచ్చిన ఆడమనిషి ఉంది. ఈ రోజు కరెంటుకు పోవాలి. రిక్షావాడు మీకు భయపడి రానంటున్నాడు. ఆవిడ మీ మనిషే కదా? మీరే తీసుకెళ్లండి. తీసుకెళ్లి తీసుకురండి. వచ్చాక నన్ను తరమండి, ఇక్కడే ఉంటాను."

ముందు నిలబడ్డ పిల్లవాడు, "మేడమ్, గా పని మాది కాదు" అన్నాడు. "మరెవరి పని?" అందామె. అమ్మ ముందుకొచ్చి, "పోండ్రి బిడ్డా. నన్ను గూడ గిట్లనే బతికిచ్చింది" అంది. ఆ పిల్లలు రిక్షావాణ్ని బతిమాలి తెచ్చి, దాని ముందూ వెనకా నడిచి, దారిలో ప్రతి గుంపునూ తప్పిస్తూ ఆ రోజు ఆ మనిషిని దవాఖానకు చేర్చారు. సాయంత్రం తిరిగి తెచ్చి దించారు. మేట్రనమ్మ వాళ్లకు మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. "అద్దం ఎవరు వేయిస్తారు?" అని అడిగింది. అద్దం ఇప్పటికీ వేయించలేదు. ఆ కిటికీకి అట్టముక్క ఉంది.

పోయిన శుక్రవారం ఆమె పోయేనాటికి ముందు గదిలో ఇంకొకామె ఉంది. మెదక్ దిక్కు. గర్భసంచి కాన్సర్. కరెంటు సగంలో ఉంది. మేట్రనమ్మ ఇక లేదని తెలిసి, ఆమె భర్త పొద్దున్నే మూట కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాడు, ఊరికి పోదామని. "పెద్దమ్మే పోయె. ఇగ మమ్ముల ఎవ్వలు ఉండనిస్తరు?" అన్నాడు. లోపల ఆ మనిషి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అమ్మ ఆ మూట తీసి లోపల పడేసింది. బయటికొచ్చి మా చెక్క కుర్చీని గేటుకు అడ్డంగా వేసుకుని కూర్చుంది.

జనం వచ్చారు. ఆశ్చర్యం, ఎంతమంది వచ్చారో! హాస్టల్ ఆఫీసువాళ్లు, చర్చివాళ్లు, వీధివాళ్లు, పళ్లు నూరిన పాత స్టూడెంట్లు. అందరి చేతుల్లో దండలు. చాచా బండి మీద ఆ పొద్దున దండ మిగల్లేదు.

"ఏం తెచ్చిన్రు?" అంది అమ్మ.

హాస్టల్ ఆఫీసు పెద్దమనిషి దండ చూపించాడు. పెద్ద దండ, మధ్యలో జరీ.

"వాపసు ఇచ్చి పైసలు తీస్కరాండ్రి. ముందు గదిల మనిషికి ఇంక కరెంటున్నది."

"ఏం మాటలమ్మా ఇవి? పోయిన మనిషికి దండ వేయకూడదా?"

"ఆమె మీద ఒక్క పువ్వు పడ్డదంటే చాచా మళ్ల తీస్కోడు. పడకముందే ఇయ్యాలె."

ఆయన నా వైపు చూశాడు, చదువుకున్నదానివి నువ్వైనా చెప్పమన్నట్టు. నేనెందుకు చెబుతాను? గుమ్మంలో కూర్చున్న ఆ మనిషి వైపు చూపించాను. వచ్చినవాళ్లు సణిగారు, కొందరు అమ్మను బండబూతులు తిట్టారు, ఒకరిద్దరు దండ గేటు మీదే విసిరేసి పోబోతే అమ్మ దుమ్ము దులిపి నా చేతికిచ్చింది. మళ్లీ నేనే చౌరస్తాకు తిరిగాను, రెండు చేతుల నిండా దండలతో. చాచా నెత్తి కొట్టుకోలేదు. తనకింత ఉంచుకోనూ లేదు. ఈసారి పూర్తి పైసలిచ్చాడు.

సాయంత్రానికి గుంటూరు నుంచి ఆమె తమ్ముడు దిగాడు. ఆయన చేతిలోనూ పూలచక్రం. గేటు దగ్గర అమ్మ అదే అడిగింది. ఆయన అమ్మను చూసి, "మా అక్క కూడా ఇట్టాగే అడిగేది" అన్నాడు. పూలచక్రం నాకిచ్చాడు. అంత్యక్రియలయ్యాక ఇంటికి తాళం వేసుకు పోదామనుకున్నాడట. "ముందు గదిల ఆమె కరెంటు అయినంక వేస్కుందురు అన్నా" అంది అమ్మ. ఆయన తాళపు చెవుల గుత్తి, ఆమె నడుముకు ఉండే అదే గుత్తి, అమ్మ చేతిలో పెట్టాడు. గుమ్మంలోని మనిషి లేచి, మూట విప్పడానికి లోపలికి పోయాడు.

మరునాడు పొద్దున శవపెట్టె లేచింది. మీరు సంతాప సభలో ఆమె ఫోటోకు దండ వేస్తారు, వేసుకోండి. ఆమె పెట్టె మీద మాత్రం ఒక్క పువ్వు లేదు. వట్టి చెక్క, దాని మీద తెల్ల గుడ్డ. పాస్టరు గారు ముందు, మేం వెనక. నేను అప్పుడు ఏడ్చాను. నాకామె నచ్చకపోయినా, ఆమె లేకపోతే మా అమ్మ లేదు. ఆ మాట ఆమె బతికుండగా చెబితే, "బస్సు టైమైంది" అని ఉండేది.

చౌరస్తా దగ్గరికి వచ్చేసరికి చాచా బండి నిండా మేం వాపసు ఇచ్చిన దండలే. అతను ఒకటి కర్ర మీంచి తీసి, చేతిలో పట్టుకుని, పెట్టె వైపు రెండడుగులు వేశాడు. ఆగి అమ్మ వైపు చూశాడు. అమ్మ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. చాచా ఆ దండను మళ్లీ కర్రకు తగిలించి, పెట్టె మలుపు తిరిగేదాకా టోపీ సర్దుకుంటూ బండి పక్కనే నిలబడ్డాడు.